కుడివైపు పడిన బంతి

జనవరి 20, సోమవారం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి మొదలుపెట్టాను. "రోజూ ఏది కనపడలేదో ఒక పుస్తకంలో రాసుకురండి మాస్టారూ, ఉన్నదున్నట్టు రాయండి" అంది. మాకు అమ్మాయి పుట్టి ఉంటే ఆ వయసే ఉండేది. నాకు ఉన్నదున్నట్టు రాయడం నేర్పుతోంది. ఆవిడకి చూపించడానికి వేరే కాగితం రాస్తాను. ఈ పుస్తకం నాది.

మొన్న శనివారం గుంటూరులో కళ్ల ఆసుపత్రికి వెళ్తే ఒక గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి చేతికి మీట ఇచ్చారు. లోపల ఎక్కడో ఒక చుక్క లైటు వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా నొక్కాలి. రెండు నిమిషాల్లో దాని లయ పట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకి ఆటలు నేర్పినవాడికి ఆమాత్రం తెలియదా. టకటకా నొక్కుకుంటూ పోయాను. బయటికొచ్చి, వంద మార్కులు వస్తాయని కూర్చున్నాను కూడా.

డాక్టరమ్మ కాగితం చూసి, "లైటు వెలగనప్పుడు కూడా నొక్కారండీ, చాలాసార్లు" అంది. పరీక్ష చెల్లదట. నెలాగి మళ్లీ రమ్మంది. ఈలోగా పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క మందు. నీటికాసులు అంటారట ఈ జబ్బుని. కుడి కంటికి పక్కచూపు చాలావరకు పోయిందని, ఎడమ కంట్లోనూ మొదలైందని, పోయింది ఇక రాదని చెప్పింది.

నాకైతే అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మా వైపు జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా ఎవరి కళ్లు బాగుంటాయి గనక. ఏ ఖాళీ జాగా చూసినా మిరపకాయలే ఆరబోసి ఉంటాయి. కళ్లు మండుతాయి, నీళ్లు కారతాయి, తుడుచుకుని పనిలో పడతాం. దానికి డాక్టరు దగ్గరికి ఎవడూ పోడు. రెండేళ్లుగా నాదీ అదే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

మా ఆవిడ క్రిస్టీనాకి మాత్రం నా కళ్లజోడు నంబరు మారిందని చెప్పాను.

జనవరి 21

చుక్క వేసుకున్నాను. మండింది. అన్నీ కనిపించాయి.

జనవరి 23, గురువారం

కోర్టు మీద మళ్లీ కాయలు పోశారు. బడి వెనక ఉన్నది ఒకే ఒక్క సిమెంటు టెన్నిస్ కోర్టు. ఊళ్లో ఇంత నున్నటి నేల ఇంకెక్కడా లేదు కదా, సెలవొస్తే చాలు, ఎవరో ఒకరు కాయ తెచ్చి ఎండబోస్తారు. నాలుగు చీపుళ్లతో ఊడ్చినా ఎర్రదుమ్ము గీతల్లో ఉండిపోతుంది. పిల్లలు తుమ్ముకుంటూనే వార్మప్ చేశారు.

కొత్తగా ఎనిమిది మంది చేరారు. అందరిలోకీ చిన్నది ఫెబా, నాలుగో తరగతి. రాకెట్టుని పప్పుగుత్తి పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. "అట్లా కాదమ్మా, దాంతో కరచాలనం చెయ్యి" అన్నాను. చేయి చాపి, రాకెట్టు పట్టుకుని, "బాగున్నారా" అని అడిగింది. అందరూ నవ్వారు. పట్టు మాత్రం సరిగ్గా కుదిరింది. తర్వాత బంతి నేలకి కొట్టి పట్టుకోవడం, ఎదుటివాళ్లు కొట్టే క్షణంలో రెండు పాదాల మీద చిన్న గెంతు గెంతడం. ఫెబా గెంతింది గానీ బంతి వచ్చే సంగతి మర్చిపోయింది.

మొదటి వారంలో నేను చెప్పే పాఠం ఇంకొకటుంది, అదీ చెప్పాను. అంపైరు లేని ఆటలో మన వైపు పడిన బంతి లోపలో బయటో చెప్పాల్సింది మనమే. బయట పడటం కళ్లారా చూస్తేనే అవుట్ అనాలి. చూడకపోతే? "లోపలే సార్" అని పెద్దపిల్లలు పాట పాడినట్టు చెప్పారు. చూడనిది చూశానని చెప్పేవాడు నా కోర్టులో అడుగు పెట్టకూడదు. ఈ మాట ప్రతి ఏడూ చెప్తాను.

ఎల్లుండి అనూషకి, మహిమకి మ్యాచి. గుంటూరులో జరిగే అండర్-14 సెలెక్షన్లకి మా బడి నుంచి ఒక్క అమ్మాయినే పంపాలి. మహిమది నిదానం, కాళ్లు కుదురు. అనూషది చేయి. ఆ ఫోర్‌హ్యాండు నేను నేర్పిందని చెప్పుకుంటాను గానీ, అది తనతో పుట్టింది.

సాయంత్రం అనూష వాళ్లమ్మ పున్నమ్మ గేటు దగ్గర ఆపింది. ఏటా ఈ రోజుల్లో వాళ్ల కూలీల ముఠా సత్తెనపల్లి వైపు మిరపకోతలకి పోతుంది, మళ్లీ ఏప్రిల్లోనే రావడం. "జట్టులో దాని పేరొస్తే మా అక్క దగ్గర ఒదిలిపెట్టి పోతా మాస్టారూ. మీరంతా కనిపెట్టుకుని ఉంటారు. పేరు రాకపోతే నాతో కోతలకి తీసకపోతా. ఎదిగే పిల్ల, ఊరికే ఎవరి మీద ఒదలను" అంది. బడి మాటేమిటని అడిగాను. "అందుకే గెలవమని చెప్పండి" అంది.

జనవరి 25, శనివారం

మహిమ గెలిచింది. 6-5.

ఆట బాగా జరిగింది. నేను నెట్టు పక్కన ఎత్తు బల్ల మీద కూర్చుని అంపైరింగ్ చేశాను. అయిదు అయిదు దగ్గర ఆఖరి గేము, థర్టీ ఆల్, వరసగా రెండు పాయింట్లు ఎవరు గెలిస్తే మ్యాచి వాళ్లదే. అనూష ఫోర్‌హ్యాండు కొట్టింది, నా కుడివైపు మూలకి. అవుట్ అన్నాను. అనూష గీత వంక చూసి, నా వంక చూసింది. ఏమీ అనలేదు. అంపైరుతో వాదించకూడదని నేర్పింది నేనే. మహిమ ఏదో అనబోయి బంతి తెచ్చుకోవడానికి వెళ్లింది. తర్వాతి బంతి అనూష నెట్టుకి కొట్టింది. అయిపోయింది.

బంతి బయటే పడింది. అంగుళం బయట. కారం దుమ్ము లేచింది కూడా.

జనవరి 26, ఆదివారం

జెండా వందనం, తర్వాత గుడి. పాస్టరు గారి ప్రార్థనలో మనసు నిలవలేదు. ఆ బంతి రెండంగుళాలు బయట. మహిమ పేరు హెడ్మాస్టరు గారికి రేపు ఇచ్చేస్తాను.

జనవరి 28, మంగళవారం

మధ్యాహ్నం భోజనాల బెల్లుకి మహిమ నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, శనివారం ఆ బంతి లోపల పడింది."

"ఏ బంతి?"

"అదే సార్, థర్టీ ఆల్ అప్పుడు. గీత మీద పడింది. నేను పక్కనే ఉన్నా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పేశారు కదా సార్."

నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలియదు, గట్టిగా వచ్చింది. "నువ్వు పరిగెడుతున్నావు. నేను ఎత్తున కూర్చున్నాను. ఎవరికి బాగా కనిపిస్తుంది? పరిగెత్తేటప్పుడు కళ్లు మోసం చేస్తాయమ్మా."

"నాకు కనపడింది సార్."

"నువ్వు చూసింది తప్పు."

"సరే సార్" అని వెళ్లిపోయింది. గెలిచిన పిల్ల తనే. దాని పేరే వెళ్లింది. ఇక దీనికేం కావాలి. ఈ కాలం పిల్లలకి పెద్దవాళ్ల మాట మీద గురి లేదు.

జనవరి 29

నాలుగు వేళ్లు బయట.

జనవరి 31, శుక్రవారం

అనూష రాలేదు. నిన్న తెల్లవారుతూనే ముఠా ఆటోల్లో పోయిందట. అనూష, ఫెబా ఇళ్లు పక్కపక్కనే. బడి రాకెట్టుని ఫెబాకి ఇచ్చి వెళ్లింది, సార్‌కి ఇవ్వమని. పిడికి కొత్త గుడ్డ చుట్టి ఉంది.

ఇంకో ఏడాది ఆడుతుంది. చిన్నపిల్లే కదా. పున్నమ్మ ఎటూ తీసుకుపోయేదే, గెలిచినా ఏదో ఒక వంక చెప్పి తీసుకుపోయేది. నాకు తెలుసు ఈ తల్లుల సంగతి.

పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 3, సోమవారం

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

ఇవాళ పెద్దపిల్లలని జంటలుగా ఆడించాను, అంపైరు లేకుండా, ఎవరి వైపు బంతి వాళ్లే చెప్పుకోవాలి. మహిమ ఒక్క బంతి కూడా అవుట్ అనలేదు. గీతకి రెండు గజాలు బయట పడినవి కూడా పరిగెత్తి కొడుతోంది. ఎదుటి పిల్లలే నవ్వడం మొదలుపెట్టారు. ఆట ఆపించి పిలిచాను.

"అంత బయట పడితే ఎందుకు చెప్పవమ్మా?"

తల వంచుకుంది. "నాకు సరిగ్గా కనపడదేమో సార్."

వెక్కిరింపు కాదు. వెక్కిరించే పిల్ల కాదది. నిజంగానే అనుకుంటోంది. దాని కళ్లు బాగున్నాయి, ఈ బడిలో అందరికంటే బాగున్నాయి. ఆ కళ్లని నమ్మొద్దని నేను చెప్పాను, అది నా మాట నమ్మింది.

పోయి మెట్టు మీద కూర్చున్నాను. బంతులు అందివ్వడానికి కొత్తపిల్లల్ని పిలిస్తే ఎనిమిది మందీ వచ్చి నా ఎడమ పక్క ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డారు. చిరాకేసింది. "కుడిపక్క అంత చోటు పెట్టుకుని అందరూ ఇటే ఎందుకు చేరారు?" అన్నాను.

ఫెబా ఠక్కున చెప్పింది. "అటు నిలబడితే మీరు మమ్మల్ని పిలవరుగా సార్. సార్‌కి అటుపక్క కనపడదు, ఇటే నిలబడండి అని అనూషక్క చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"చేరిన రోజే సార్. పెద్దక్కలకి క్రిస్మస్ ముందే చెప్పిందంట. మీతో అనొద్దంది." అనేశాక నాలిక కరుచుకుంది.

అంటే ఆ రోజు నేను అవుట్ అన్నప్పుడు అనూష నా వంక చూసిన చూపు, నేను పొరబడ్డానని కాదు. నేను చూడలేదని దానికి తెలుసు. తెలిసి ఊరుకుంది. ఇంతమంది ముందు సార్‌కి కనపడదని అనడం ఇష్టంలేక నోరు మూసుకుని ఆడింది. ఆ పిల్ల నన్ను కాపాడింది, నేను దాన్ని మిరపతోటకి పంపాను.

ఆ బంతి నేను చూడలేదు. అనూష చేయి చూశాను, బంతి బయల్దేరడం చూశాను, చప్పుడు విన్నాను. అంతే. అది ఎక్కడ పడిందో నాకు తెలియదు. అంగుళం లేదు, నాలుగు వేళ్లు లేవు. నాకు తెలియదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

రెండేళ్లుగా కనపడనివి: గుడిలో కుడిపక్క బెంచీలో వాళ్లు. సైకిళ్లు. అన్నం పళ్లెం పక్కన పెట్టిన మంచినీళ్లు, మూడుసార్లు ఒలికించాను. కరచాలనానికి చాచిన జయరావు పాస్టరు గారి చేయి, ఆయన ఇప్పటికీ నాకు పొగరనుకుంటారు. కుడి మూల గీత.

క్రిస్టీనాకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ వింది. "మందు సీసా బైబిలు వెనక దాస్తే నాకు కనపడదనుకున్నారా?" అంది.

"మరి అడగలేదే?"

"మీరే చెప్తారని చూశాను."

బంతి సంగతి, మహిమతో అన్న మాట సంగతి కూడా చెప్పాను. కత్తిపీట పక్కన పెట్టింది. నా కళ్ల గురించి మాట్లాడుతుందనుకున్నాను. "ఆ పిల్ల ఎండలో ఎక్కడుందో ఇప్పుడు" అంది. ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ముందు హెడ్మాస్టరు ప్రసన్నకుమార్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఒక్క బంతి కోసం ఇదంతా ఎందుకండీ జయపాల్ గారూ. రెండేళ్లలో రిటైరవుతున్నారు. కళ్ల సంగతి బయటికి పొక్కితే ఆటల పీరియడు మీ చేతిలో ఉంచమని నేను ఎవరికీ చెప్పలేను" అన్నారు. మంచాయన, నా మేలు కోరే అన్నారు. పేరు మార్చాలంటే ఎప్పటిదాకా గడువుందని అడిగాను. సోమవారం దాకా ఉందట. అయితే మారవచ్చు అన్నాను.

సాయంత్రం పిల్లలందరినీ కోర్టులో కూర్చోబెట్టాను. "అనూష, మహిమల మ్యాచిలో నేను బంతిని చూడకుండా అవుట్ అన్నాను. మహిమ లోపల పడటం చూసి, వచ్చి చెప్పింది. నువ్వు చూసింది తప్పని అన్నాను. అది అబద్ధం" అన్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మహిమ మాత్రం లేచి నిలబడింది.

"అయితే నాకు సరిగ్గానే కనపడిందా సార్?"

"సరిగ్గా కనపడిందమ్మా. తప్పు చేసింది నేను."

మోచేత్తో మొహం తుడుచుకుంది. తర్వాత, "ఆ పాయింటు అనూషది సార్. ఫార్టీ థర్టీ నుంచి మళ్లీ ఆడతాం. నా పేరు కొట్టేయండి అప్పటిదాకా" అంది. పదమూడేళ్లు దానికి.

ఫిబ్రవరి 6, గురువారం

సెలవు పెట్టి సత్తెనపల్లి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో, ఆటో దిగి నడక. నలభై మంది ఆడవాళ్లు సాళ్లలో వంగి ఉన్నారు, అందరి తలలకీ తువ్వాళ్లే. గట్టు మీద నిలబడి వెతుకుతున్నాను. కుడిచేతిని ఎవరో పట్టుకున్నారు. "ఇక్కడున్నా సార్" అంది అనూష.

పున్నమ్మ బుట్ట చంకనేసుకుని వచ్చింది. ఉన్నదంతా చెప్పాను. ఒక్కొక్క మాటకీ ఆమె మొహం గట్టిపడింది.

"చూడని దాన్ని చూశానని ఎట్టా చెప్పావు మాస్టారూ?"

"నాకు కనపడదని ఒప్పుకోలేక చెప్పాను."

"నా పిల్ల ఇంటికొచ్చి ఏం చెప్పిందో తెలుసా? నేనే బయటికి కొట్టానమ్మా అంది. నిన్ను ఒక్క మాట అనలేదు. నేను రెండు తగిలించా, చేతికొచ్చింది జారగొట్టుకున్నావే అని." పున్నమ్మ గొంతు పొలమంతా వినిపించింది. పక్క సాళ్ల వాళ్లు లేచి చూశారు. చూడనీ. "మీ మాటంటే మాకు గుళ్లో మాట. ఇంక ఎవరి మాట నమ్మాలి మేం?"

శనివారం ఆ పాయింటు దగ్గరి నుంచి మళ్లీ ఆడిస్తాను, పిల్లని పంపమని అడిగాను.

కాసేపటికి ఆమె కోపం తగ్గింది, పూర్తిగా కాదు. "శనివారం పొద్దున వచ్చి తీసుకుపో. గెలిస్తే మా అక్క దగ్గర దించు. ఓడితే పొద్దుగూకేలోపు నా దగ్గరికి తెచ్చి దించు. తీర్పు మాత్రం నువ్వు చెప్పమాక."

చెప్పనన్నాను. అనూష చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. చూపించమంటే చూపించలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

బస్సులో చూశాను ఆ చేతులు. వేళ్ల చివర్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి, గోళ్ల దగ్గర చర్మం చిట్లింది. వారం రోజులు కాయ తెంపితే ఎవరికైనా అంతే. ఇంటి దగ్గర క్రిస్టీనా కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచింది, రాకెట్టు జారుతుందని. "వాయిదా వేద్దామా?" అని అడిగాను. "సోమవారానికి తగ్గవు సార్" అంది. నిజమే.

ఎత్తు బల్ల ఎక్కలేదు. పిల్లలతో పాటు కింద కూర్చున్నాను. ఎవరి వైపు బంతి వాళ్లే చెప్పుకోవాలి. ఫార్టీ థర్టీ, అనూషకి ఒక్క పాయింటు చాలు.

మొదటి బంతికే రాకెట్టు చేతిలో తిరిగింది. నెట్టు. డ్యూస్, అంటే మళ్లీ ఇద్దరూ సమానం, ఇక వరసగా రెండు గెలవాలి. రెండోది మహిమ నిదానంగా ఆడి గెలుచుకుంది, ఇంకొకటొస్తే మ్యాచి తనదే. మూడోది చాలాసేపు సాగింది. పద్దెనిమిది, ఇరవై సార్లు బంతి అటూ ఇటూ వెళ్లింది. ప్రతి దెబ్బకీ అనూష పళ్లు బిగించడం చూస్తున్నాను. ఇక ఓర్చుకోలేక కాబోలు, ఉన్న బలమంతా పెట్టి తన ఫోర్‌హ్యాండు కొట్టింది.

"అవుట్" అంది మహిమ. గట్టిగా, చేయి ఎత్తి.

కోర్టంతా నా వైపు తిరిగింది. నేను అప్పుడు బంతిని చూడటం లేదు, అనూష వేళ్లనే చూస్తున్నాను. ఇది దాచుకోకుండా రాస్తాను: లోపల పడిందని అనేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. నేనంటే చాలు, ఎవరూ ఎదురు చెప్పరు. మహిమ కూడా ఊరుకుంటుంది. అనూష పేరు రాస్తాను, పున్నమ్మ అక్క ఇంట్లో దించుతాను, బడికి వస్తుంది, నాకు నిద్ర పడుతుంది.

"నేను చూడలేదు. మహిమ చూసింది" అన్నాను.

అనూష నన్ను చూడలేదు. నెట్టు దగ్గరికి నడిచి, "ఎంత?" అని మహిమనే అడిగింది. మహిమ రెండు వేళ్లు చూపించింది. దాని కళ్లలో నీళ్లు, అయినా వేళ్లు కదల్లేదు. "సరే" అంది అనూష. చేతులు కలుపుకున్నారు. మహిమ దాని చేయి చూసి, మణికట్టు పట్టుకుంది, వేళ్లు తగలకుండా.

పేరు మారలేదు. మహిమదే వెళ్తుంది. న్యాయంగానే గెలిచింది. ఎవరైనా అడిగితే అదే చెప్తాను.

మూడు గంటల బస్సుకి నేను, క్రిస్టీనా, అనూష సత్తెనపల్లి బయల్దేరాం. దారిలో సమోసా కొనిస్తే కాగితంతో పట్టుకుని తిన్నది. కొత్తపిల్లలకి సర్వీసు అప్పుడే నేర్పొద్దని, ఫెబా భుజం ఇంకా గట్టిపడలేదని నాకే చెప్పింది. పొలం దగ్గర దిగేసరికి ఇంకా ఎండ ఉంది. క్రిస్టీనా పున్నమ్మతో మాట్లాడటానికి ముందు నడిచింది. మేమిద్దరం గట్టు మీద వెనకబడ్డాం.

"ఆ రోజైతే గెలిచేదాన్ని సార్" అంది అనూష. కోపంగా అనలేదు. స్కోరు చెప్పినట్టు చెప్పింది.

"గెలిచేదానివమ్మా. నేను ఓడగొట్టాను."

తల ఊపింది. "ఇవాళ్టికి కూర్చోవే" అని వాళ్లమ్మ కేకేస్తున్నా వినకుండా, తువ్వాలు తలకి చుట్టుకుని, బుట్ట తీసుకుని సాల్లోకి దిగింది.